సూరిబాబు గారి గాజు బీరువా

కరెంటు పోతే నాకు ముందు వాసన తెలుస్తుంది, తర్వాతే చీకటి తెలుస్తుంది. వాన పట్టిన రోజుల్లో గోడల్లోంచి వచ్చే చెమ్మ వాసన అది. నిన్న సాయంత్రం అనంతగిరిలో మా ఇంట్లో కరెంటు పోగానే, చేతిలో గరిటె అక్కడే పడేసి మేడమెట్ల వైపు పరుగెత్తాను. సగం మెట్లెక్కాక గుర్తొచ్చింది. ఈ మేడమీద గాజు బీరువా లేదు, అందులో వెలగాల్సిన బల్బూ లేదు, ఆ బీరువా మనిషీ ఇప్పుడు లేడు. అయినా గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. సూరిబాబు గారు పోతూ పోతూ తన కంగారు నాకు అంటగట్టి పోయారు మరి!

ఆయన విజయనగరం వైపు నుంచి కాఫీ కొనడానికి కొండెక్కి, ఇక్కడే ఉండిపోయి అరకులో లాడ్జి కట్టుకున్న మనిషి. చదువు అయిపోగానే నేను అక్కడ మేనేజరుగా చేరాను. కింద హాల్లో వచ్చేపోయేవాళ్ళు ఆడుకోవడానికి, కర్రతో బంతుల్ని గుంతల్లోకి కొట్టే ఒక పూల్ బల్ల, నాలుగు పాత కర్రలు ఉండేవి. పైన ఆయన గదిలో గాజు బీరువా నిండా ఖరీదైన క్యూ కర్రలు. బంతులు కొట్టే కర్రలే, కానీ వాటి అందం చూస్తే కొట్టబుద్ధి కాదు. అన్నిటికన్నా గొప్పది నల్లటి పిడి మీద ముత్యపు చిప్ప పూలు పొదిగిన నల్ల కర్ర. దానితో ఆయన ఒక్క బంతి కూడా కొట్టలేదు. ఏ కర్రతోనూ కొట్టలేదు.

మా కొండల చెమ్మకి మంచి కలప కూడా వంగిపోతుంది. అందుకని తొలి వాన పడింది మొదలు బీరువాలో వెచ్చదనానికి ఒక బల్బు వెలుగుతూ ఉండాలి. కరెంటు పోతే జనరేటరు వేయించడం, అది మొరాయిస్తే ఒక్కో కర్రనీ పొడిగుడ్డతో తుడవడం నా పని. తుడిచాక బల్ల మీద దొర్లించి చూడాలి. తిన్నగా ఉంటే సాఫీగా దొర్లుతుంది, వంగితే ఎగిరెగిరి పడుతుంది. "బేగి చూడే గుంటా, బల్బు ఎలుగుతోందా?" అని ఆయన మెట్ల కింది నుంచి కేకేస్తే నా అరిచేతులకి చెమటలు పట్టేవి. సొంత పిల్లల్ని కూడా ఎవరూ అంత భయంగా పెంచరు.

ఆయన బల్ల పక్కన కుర్చీ వేసుకుని ఆడేవాళ్ళకి సలహాలు చెప్పేవారు. "కొంచెం ఎడంపక్కకి బాబూ, మెత్తగా." ఆ సలహాలు బాగా పనిచేసేవి కూడా. దాంతో వయసులో ఉండగా ఈయన విశాఖలో చాంపియనని అరకు అరకంతా నమ్మింది. ఒక ఆట ఆడమని ఎవరైనా అడిగితే వానాకాలం చెమ్మ అడ్డొచ్చేది, చలికాలం వేళ్ళు బిగుసుకుపోయేవి, వేసవిలో చెమట. నేనూ నమ్మాను. అంత మంచి వస్తువుని వాడి పాడుచేసుకోలేక ఆగుతున్నారని జాలిపడ్డాను కూడా.

ఒక ఏడాది మామిడి కొత్త పండగకి మా ఊరు వెళ్ళి వచ్చి ఆయనకి పళ్ళిచ్చాను. కొత్త చెయ్యకుండా, అంటే తొలి పండు దేవతకి పెట్టకుండా, చెట్టు కింద పండు రాలి పడున్నా మావాళ్ళు ముట్టరని చెప్పాను.

"మరి కొత్త అయిపోయాక?" అన్నారు.

"అయ్యాక ఆగడమేటి బాబుగారూ? చిన్నా పెద్దా అందరూ తినడమే."

ఆయన పండుని చేతిలో అటూ ఇటూ తిప్పారు. "మీకు నయమే గుంటా. ఏ రోజునుంచి తినొచ్చో ఊరు చెప్తాది. మాకెవుడూ చెప్పడు" అన్నారు. అదేదో వేళాకోళం అనుకుని నవ్వేశాను.

ఆ ఏడు వానలు ఇంకా వదలకముందే ఆయన చిన్ననాటి స్నేహితుడు అప్పలరాజు గారు విశాఖ నుంచి ఫోన్ చేశారు. ఆయన నిజంగానే క్లబ్బుల్లో ఆడి గెలిచిన మనిషి. "ఆదివారం వస్తన్నాను. నీ నల్ల కర్రతో నువ్వు, నా కర్రతో నేను. తయారుగా ఉండరా" అన్నారట. ఫోన్ పెట్టేసింది మొదలు సూరిబాబు గారికి అన్నం సయించలేదు. గదిలో ఇటూ అటూ తిరిగే చెప్పుల చప్పుడు నాకు కిందికి వినిపించేది. నల్ల కర్రకి గీత పడుతుందని బెంగ కాబోలు అనుకుని, ఆదివారం దాకా దాన్ని కాపాడితే చాలని నేను మొక్కుకున్నాను.

ఆ మొక్కు ఫలించలేదు. గాలివానకి లైను తెగింది, జనరేటరు చెడిపోయింది, బీరువా అద్దాల మీద నీరు పట్టింది. కరెంటు వచ్చాక నల్ల కర్రని బల్ల మీద దొర్లిస్తే టకటకమని ఎగిరింది. నా ప్రాణం పోయినంత పనైంది. మెట్లెక్కి ఆయన ముందు నిలబడ్డాను. "వంగిపోయింది బాబుగారూ" అని ఏడ్చేశాను.

ఆయన కిందికి వచ్చి తనే ఒకసారి దొర్లించి చూశారు. మళ్ళీ టకటక. ఆయన కుర్చీలో కూలబడి, "హమ్మయ్య" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఇంక ఆడక్కర్లేదు కదే! కర్ర వంగిపోయిందని సెప్పీ వాడికి." తర్వాత గొంతు తగ్గించారు. "నాకు ఆట రాదే గుంటా. అసలు రాదు. ఇతరులు ఆడుతుంటే చూసీ చూసీ మాటలు వచ్చాయి గానీ చెయ్యి రాలేదు. మంచి కర్ర కొంటే ఆట అదే వస్తాదనుకున్నాను. కొన్నాక, ఇంత మంచి కర్రతో తప్పు కొడితే నవ్వుతారని భయమేసింది. ఆ భయానికి ఇంకోటి కొన్నాను."

ఆదివారం అప్పలరాజు గారు రానే వచ్చారు. నేను చెప్పాల్సిన మాట చెప్పాను. ఆయన పకపకా నవ్వి గోడకున్న పాత కర్ర ఒకటి తీశారు. "కర్ర వంగితే నీ చెయ్యి వంగిందేటిరా? రా." హాల్లో టూరిస్టులు మూగారు. వంట చేసే దేముడమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. సూరిబాబు గారు నావైపు చూశారు. ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను. మీకు ఫోన్ వచ్చిందండీ అని నేను అంటే చాలు, ఆయన గండం గడిచేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో అనలేకపోయాను. దగ్గరికి వెళ్ళి, "ఈ రోజు కొత్త అనుకోండి బాబుగారూ" అన్నాను.

"ఆ వంకరదే పట్రా" అన్నారు.

నల్ల కర్ర కొసకి, బంతి మీద జారకుండా పూసే నీలం చాక్ మొదటిసారి అంటింది. ఆయన వంగారు. కర్ర వణకడం అందరికీ కనిపిస్తోంది. కొట్టారు. కర్ర జారిపోయింది, తెల్ల బంతి బెత్తెడు దూరం దొర్లి ఆగింది. "ఓలమ్మో! ఇన్నేళ్ళూ ఈయనేనా మా సాంపియను?" అంది దేముడమ్మ. ఒక్కసారిగా నవ్వులు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

అప్పలరాజు గారు మాత్రం నవ్వలేదు. "నీకు ఆట రాదేటిరా?"

"రాదురా."

"రోజూ ఆడతన్నానని ఫోన్లో సెప్పీవోడివి?"

"అబద్ధం."

అప్పలరాజు గారు తెల్ల బంతిని తీసి మళ్ళీ మొదట్లో పెట్టారు. "సరే. ఇంకోసారి కొట్టు."

భోజనాల వేళ దాకా ఆడారు ఇద్దరూ. గుట్టు బయటపడింది కాబట్టి ఇంక భయం పోతుందని నేననుకున్నాను. పోలేదు. బతికున్నన్నాళ్ళూ ప్రతి దెబ్బకి ముందూ ఆయన చెయ్యి వణికింది, చొక్కా వీపు తడిసింది. అయినా రోజూ ఆడారు. బీరువాలోని కర్రలన్నీ కిందికి దిగాయి. ఎవరైనా గీత పెడితే కాలు తొక్కినట్టు మూలిగేవారు, తిట్టేవారు, మళ్ళీ ఆ కర్రే వాళ్ళ చేతికిచ్చేవారు. కొత్తవాళ్ళు "మీకు ఆట బాగా వచ్చా సార్?" అంటే ఒకటే జవాబు. "రాదండి. ఆడతాను."

ఇప్పుడు మా ఇంట్లో రెండు గదులు వచ్చేవాళ్ళకి అద్దెకిస్తున్నాను. ముందు వరండాలో ఒక పాత పూల్ బల్ల వేశాను. నల్ల కర్ర నా దగ్గరే ఉంది, వంకర అలాగే ఉంది, చిప్ప పూలు రెండు రాలిపోయాయి. ఈ ఇల్లు తెరిచిన రోజునా, కాఫీ రైతుల మీటింగులో మైకు ముందు నిలబడిన రోజునా నా అరిచేతులకి ఆ బీరువా ముందు పట్టినట్టే చెమటలు పట్టాయి. ఇంకా పడుతూనే ఉన్నాయి. కంగారు తగ్గాకే మొదలుపెడదాం అనుకునే రోజులు మాత్రం పోయాయి.

నిన్న కరెంటు వచ్చాక నేను ఇంకా మెట్ల మీదే కూర్చుని ఉన్నాను. కాకినాడ నుంచి వచ్చి గదిలో దిగినవాళ్ళ అమ్మాయి బల్ల దగ్గర నిలబడి నల్ల కర్ర వైపు చూస్తోంది.

"ఆంటీ, మీకు ఆట వచ్చా?"

గుండె ఇంకా కొట్టుకుంటోంది. చేతులు కొంగుకి తుడుచుకుని లేచాను.

"రాదమ్మా. ఆడతాను. బంతులు పెట్టు."