నేను నవ్వుతలేను

ఆ పొద్దున మా ఆయన జొన్నరొట్టె ఒక ముక్క తుంచి, నమలలేక పక్కన పెట్టాడు. ఆయన రొట్టె నమిలితే చప్పుడు వాకిలి దాకా వినబడేది. ఆవలిస్తే ఇరుగుపొరుగు ఉలిక్కిపడేవాళ్లు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ రెండింటి మీదా నేను సణగని రోజు లేదు. నాకు నోరెక్కువ, ఆయనకు ఓపిక ఎక్కువ. సంసారం అట్లా సాగిపోతుండేది.

దవడలు పట్టేసినట్టున్నాయన్నాడు. చెరుకు మోపులు ఎత్తి మెడ పట్టిందనుకొని ఆముదం వెచ్చచేసి రాశాను. మధ్యాహ్నానికి మూతి రెండు పక్కలకూ సాగింది. పళ్లు బయటపెట్టి నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఒకపక్క నేను ఫికర్‌తో చస్తుంటే ఈయనకు పరాచికమా అని ఒళ్లు మండింది.

“గట్లెందుకు నవ్వుతుండవ్?” అన్నాను.

“నేను నవ్వుతలేను,” అన్నాడు పళ్ల సందులోంచి.

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. వెంటనే ఎడ్లబండి కట్టించాను.

బాన్సువాడ దవాఖానలో డాక్టరు చూసీ చూడగానే ఎక్కడైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది. కొన్నాళ్ల కింద నరికిన చెరుకు మోడు ఆయన అరికాల్లో దిగింది. నెత్తురు ఆగడానికి అందరూ చేసేదే చేశాడు. పచ్చిపేడ అద్ది, గుడ్డ చుట్టుకొని, మళ్లీ పనిలోకి దిగాడు. గాయం మానింది, మేం మరిచిపోయాం.

“టెటనస్. ఈడ విరుగుడు సీరం లేదు, నిజామాబాద్ తీస్కపోండ్రి. చప్పుడు గానియ్యకుండ్రి, ఉలిక్కిపడితే ఫిట్స్ వస్తయ్,” అన్నాడు డాక్టరు.

ఎడ్ల మెడల్లో గంటలు విప్పేశాం. బండిలో గడ్డి మందంగా పరిచి, పైన గొంగళ్లు కప్పాం. అయినా చక్రం గుంతలో పడ్డప్పుడల్లా ఆయన ఒళ్లు వెనక్కి విల్లులా వంగేది. దీన్ని ధనుర్వాతం అని పెద్దలు ఎందుకన్నారో దారిపొడుగునా చూశాను. ఇంతకంటే ప్రాణం పోతేనే నయమని కూడా అనుకున్నాను.

నిజామాబాద్ దవాఖానలో చివరి గదిలో వేసి, వెలుతురుకు కూడా ఉలిక్కిపడకుండా కిటికీలకు దుప్పట్లు కట్టారు. సీరం ఇంజెక్షన్ ఇచ్చారు. ఇగ చూడాలె తప్ప చేసేదేం లేదని అక్కడి డాక్టరు చెప్పాడు. నోరు తెరుచుకోకపోతే తిండి ఎట్లా? ఒకప్పుడు ఎద్దు కొమ్ము తగిలి ఆయనకు పైపళ్లు రెండు ఊడాయి. తొర్రిపళ్ల మొగుడని మా చెల్లెళ్లు ఆటపట్టించేవాళ్లు, నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ తొర్రిలోంచే గుడ్డ వత్తితో గంజి బొట్టు బొట్టుగా పిండాను. ఒక్కో బొట్టు మింగడానికి ఆయన పడే పాటు చూస్తుంటే, ఇన్నాళ్లూ చెంబెడు నీళ్లు ఎట్లా గటగటా తాగామా అనిపించేది.

కొంచెం తేరుకుంటున్నాడు అనుకునేసరికి మరో గండం. మా అత్తకు చెవుడు, అందుకే ఎప్పుడూ గట్టిగా మాట్లాడుతుంది. ఆమెను వరండాలోనే కూర్చోబెట్టాం. నేను గంజి కోసం బయటికి వెళ్లినప్పుడు, తల్లి మనసు ఆగక లోపలికి వెళ్లి “కొడుకా” అని పిలిచింది. అంతే, ఆయన బిగుసుకుపోయాడు. ముఖం నల్లబడి, ఊపిరి ఆగింది. డాక్టరు పరుగెత్తుకొచ్చి ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి, ఎట్లాగో దక్కించాడు. ఆ తర్వాత అత్త కొంగు నోట్లో కుక్కుకొని వరండాలో కూర్చుంది.

ఆ సాయంత్రం డాక్టరు నా దగ్గర నిలబడి, పిల్లలున్నారా అని అడిగాడు. ఒక కొడుకు పుట్టాడని, వారం తిరగకముందే రొమ్ము పట్టడం మానేసి, నవ్వుకుంటూ పోయాడని చెప్పాను. దేవుడు ఆడించుకుంట తీస్కపోయిండని ఊళ్లో ఆడవాళ్లు నన్ను ఓదార్చారు. నా కొడుకు గురించి నాకు మిగిలింది ఆ నవ్వొక్కటే.

డాక్టరు నా ముఖంలోకి చూసి అడిగాడు.

“బొడ్డు కోసినంక ఏం వెట్టిన్రు?”

పేడ బూడిద అని చెప్పాను.

“గిదే రోగం అమ్మా. అది నవ్వు గాదు.”

గోడకు ఆనుకొని కూలబడ్డాను. ఏడిస్తే లోపల ఆయనకు వినబడుతుంది. ఆ ఏడుపు ఇప్పటికీ నా లోపలే ఉంది.

ఆయన బతికాడు. ఒక ఉదయం దవడలు కొద్దిగా విడివడి, సగం ఆవలింత వచ్చింది. నేను లేచి చేతులు జోడించాను. ఇప్పుడు ఆయన నడుము కొంచెం వంగింది, మోపులు ఎత్తలేడు. రొట్టె మాత్రం నములుతాడు. ఆ చప్పుడు వినబడేదాకా నేను ముద్ద ముట్టను.

పోయినేడు మాకు బిడ్డ పుట్టింది. మంత్రసాని కత్తిని నా కళ్లముందే మరిగే నీళ్లలో వేయించాను, బొడ్డు మీద చిటికెడు బూడిద కూడా పడనివ్వలేదు. ఎందుకని అత్త అడిగింది. డాక్టరు వద్దన్నాడని సైగ చేశాను. పోయిన మనవడి సంగతి చెప్పాలంటే ఆమెకు అరిచి చెప్పాలి. అది అరిచి చెప్పే మాట కాదు. మీకు మాత్రం చెప్తున్నాను. గాయానికి గానీ బొడ్డుకు గానీ పేడ, బూడిద పెట్టకండి. గాయాన్ని సబ్బుతో కడిగి, ఆ రోజే దవాఖానకు వెళ్లండి.

బిడ్డ మొదటిసారి నవ్విన రోజు అందరూ సంబరపడ్డారు. నాకు కొడుకు నవ్వే కళ్లముందు మెదిలింది. గబుక్కున రొమ్ముకు పెట్టుకున్నాను. పట్టింది, చప్పరిస్తూ తాగింది. వాకిట్లో ఆయన రొట్టె తింటున్నాడు. ఆ రెండు చప్పుళ్లూ వింటూ ఉండిపోయాను. పొయ్యి మీద పప్పు మాడిందని అత్త అరిచేదాకా లేవలేదు.