డాక్టరమ్మ అనుమానం

తనకు పూర్తిగా తెలియనిదాన్ని తెలియదని చెప్పగలిగిన డాక్టరు, నేనెరిగినంతలో మా చిత్తూరు డాక్టరమ్మ ఒక్కరే. పంతొమ్మిది వందల ఎనభైల్లో మా నాయనకు గుండెనొప్పి వచ్చి తగ్గాక, ఆమె మా మిఠాయి అంగడికే వచ్చింది. బాదుషాలు వేయించే నెయ్యిని గరిటెతో తీసి వాసన చూసింది.

"ఇది ఎన్ని దినాల నెయ్యప్పా?"

"పాతదాంట్లోనే కొత్తది పోస్తా ఉంటామమ్మా," అన్నాడు నాయన. ప్రతి వాయీ రుచి చూసేది ఆయనే.

"మళ్లీ మళ్లీ కాగితే నెయ్యిలోని కొలెస్ట్రాల్ గాలి తగిలి చెడిపోతాది. అది రక్తనాళాల గోడల్ని పాడు చేస్తాదని నా అనుమానం. ఇంకా తేలలేదు. తేలేదాకా నువ్వు ఆగలేవు గదా!"

"అంగడి మూసేయాల్నా తల్లీ?"

"అంగడెందుకు? ఈ నెయ్యి పారబొయ్యి. నువ్వు తినేది తగ్గించు. మాత్రలు మానొద్దు, పొద్దున్నే నడువు."

ఆనాటి నుంచి మా అంగట్లో ఏ పూట నెయ్యి ఆ పూటకే. రుచి చూసే పని అమ్మకు అప్పగించి, నాయన నడక మొదలుపెట్టాడు. రెండేళ్లకు కాణిపాకం దాకా నడిచి, ప్రసాదంతో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"దారిలో నొప్పేమన్నా వచ్చిందా?" అడిగిందామె.

"కాళ్లు తప్ప ఇంకేమీ నొయ్యలేదు తల్లీ."

"ఆ నొప్పికి నేను మందియ్యనప్పా," అంటూ డాక్టరమ్మ ప్రసాదానికి చెయ్యి చాచింది.