హారతి అయ్యాక సినిమా

యుద్ధం పుణ్యమా అని ఇంట్లో దీపానికే కిరసనాయిలు కరువైన ఆ రోజుల్లో, మాలాంటి ఇళ్లలో ఆడపిల్ల సినిమా చూడాలంటే తెర మీద దేవుడు, పక్కన తండ్రి ఉండి తీరాలి. నాకు పదమూడేళ్లు వచ్చేదాకా ఆ ఇద్దరూ ఒకేసారి కుదరలేదు. మా నాయన గుళ్లో పాశురాలు చెప్పే మనిషి. చివరికి మా మేనమామే చంద్రగిరిలో సినిమా గుడారం వేసి భక్తి కథ తెస్తే, "ఈ ఒక్కసారికే" అని ఒప్పుకున్నారు. నేను పాటల పుస్తకం ముందే తెప్పించుకుని అన్నం తింటూ కూడా చదివాను. (అందులో కథ సగం చెప్పి, తక్కినది వెండితెరపై చూడమని ఆపేసేవారు.) వరదలో రాణి పోగొట్టుకున్న బిడ్డ మళ్లీ దొరుకుతాడా లేదా అన్నది సరిగ్గా అక్కడే ఆగింది. నాకు ఆ వారమంతా అదే ధ్యాస.

మామకు ఉత్త సినిమా చూపిస్తే తృప్తి లేదు. "బొమ్మ కండ్లకేనా? ముక్కూ చర్మమూ ఏం పాపం చేసినాయి?" అనేవాడు. తెర మీద గాలి వీచినప్పుడల్లా గుడారం అంచున పనివాళ్లు పెద్ద పెద్ద విసనకర్రలు ఊపారు. వాన కురిస్తే పన్నీరు చల్లారు. మా ముందు కూర్చున్న ముసలమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, "సూడబ్బా, లోపల గూడా కురుస్తాండాది!" అంది. వరద ఘట్టంలో నేను కాస్త ఏడ్చాను. (చెంపలు ఎలాగూ తడిసే ఉన్నాయి, నాయనకు తెలియదులే అని.)

తర్వాత రాణి గుడిలో మొక్కుకుంటుంది. తెర మీద పూజారి హారతి ఎత్తగానే, మామ తెర పక్కన నిజం గంట వాయించి పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. ఆ వాసన తగలడమే ఆలస్యం, గుడారమంతా లేచి నిలబడి "గోవిందా!" అని చెంపలు వేసుకుంది. వరుస కట్టి హారతి కళ్లకద్దుకుంది. "తీర్థం యాడ ఇస్తాండారప్పా?" అని ఎవరో అడిగితే, మామ దిక్కు తోచక మిగిలిన పన్నీరే అరచేతుల్లో పోశాడు. పుచ్చుకున్నవాళ్లు పుచ్చుకున్నట్టే చెప్పులు వెతుక్కుని ఇంటిదారి పట్టారు.

"బావా, ఇంకా సగం బొమ్మ ఉండాది! కూర్చోండి!" అని మామ బతిమాలాడు.

"హారతి అయినాక యాడన్నా కూర్చుంటారా? నువ్వే హారతి ఇచ్చి నువ్వే కూర్చోమంటావేమప్పా!" నాయన చాలా ప్రసన్నంగా ఉన్నారు. "బాగుండాది నీ సినిమా. పదమ్మా."

"ఉందాం నాయనా" అనబోయి, చెప్పులు వేసుకుని ఆయన వెంట నడిచాను. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఖాళీ చాపల ముందు రాణి ఏటి ఒడ్డున ఎవరినో చూసి చేతులు చాస్తోంది. ఆ ఎవరో కనిపించేలోపే గుడారం గుడ్డ అడ్డంగా జారింది.

మర్నాడు మామ మా ఇంట్లో మజ్జిగ తాగుతూ, "మెచ్చుకోనే పాయిరి గదా పాపా, ఇంక ఎవురిని తిట్టేది?" అన్నాడు. మళ్లీ ఏ ఊళ్లోనూ ఆయన గంట కొట్టలేదు, పన్నీరు చల్లలేదు. అప్పుడైనా బిడ్డ సంగతి అడగవలసింది. ఖాళీ లోటా అందుకుని లోపలికి పోయి, డైరీలో "దొరికాడు" అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

ఆ సినిమా తర్వాత నాకెక్కడా కనబడలేదు. ఇప్పుడు నాకు పెళ్లయింది, కాపురం తిరుపతిలో. మామ చిత్తూరు నుంచి అప్పుడప్పుడు వస్తాడు. ఈసారి అడిగి తీరాలనుకుంటూనే కాఫీ కలుపుతాను. తీరా చేతికిచ్చాక, "ఒంట్లో బాగుండాదా మామా?" అంటాను. బాగుండాదంటాడు. ఇంకొంచెం చక్కెర వేయనా అని అడుగుతాను.