కోలాటంలో ఓడ రూల్సు

నేను సముద్రం మొహం ఎరగని దాన్ని. మా పుంగనూరులో నిలబడి ఎటు చూసినా గుట్టలు, టమాటా తోటలు, నడుమెత్తు ఆవులు. అటువంటి చోట కూర్చుని, ఒంటికి ఉప్పునీటి చుక్క తగలకుండా, ఒక మనిషి ఓడ ఉద్యోగాన్ని నిలువునా ముంచబోయిన ఘనత నాది. ఎలా ముంచానో చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. మా ఇంట్లో పదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

ముందు నా చదువు సంగతి. మా పుట్టిల్లు రామకుప్పం పక్క పల్లె. బడికి వెళ్లే దారీ, అడవి ఏనుగులు దిగే దారీ ఒకటే కావడంతో మా నాన్న నన్ను ఇంట్లోనే చదివించాడు. ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే, దేనికైనా రాగం కట్టడం. ఎక్కాలకు రాగం, ఇంగ్లీషు స్పెల్లింగులకు రాగం. ఏనుగు వస్తే ఏ డబ్బా ఎవరు కొట్టాలో, ఎవరు ఎటు పరిగెత్తాలో, అదీ రాగమే. ఆ రాగాల పుణ్యాన నాకు నాలుగు అక్షరాలు వచ్చాయి. దేవుడికీ నాన్నకూ రోజూ దండం పెట్టుకుంటాను. చిక్కల్లా ఏమిటంటే, రాగానికి లొంగని విద్య లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది.

మా మరిది మునిరాజు అప్పట్లో పలమనేరు బస్టాండు పక్కన హోటల్లో వంట చేసేవాడు. తెలిసినవాళ్ల ద్వారా ప్రయాణికుల ఓడలో వంటపని కుదిరింది. కుదిరిన మర్నాడే హోటల్లో మానేసి వచ్చాడు. తీరా చూస్తే, ఓడలో ఉల్లిపాయ తరగాలన్నా ముందు ప్రాణరక్షణ శిక్షణ సర్టిఫికెట్టు ఉండాలట. నిప్పు రాజుకుంటే ఏం చేయాలి, ఓడ ఒరిగితే జనాన్ని ఎటు నడిపించాలి, అన్నీ దేశదేశాల వాళ్లు కూర్చుని రాసుకున్న రూల్సు. చెన్నైలో ఐదు రోజుల శిక్షణ, ఆఖరి రోజు నోటి పరీక్ష. పరీక్ష పోతే సర్టిఫికెట్టు లేదు, సర్టిఫికెట్టు లేకపోతే ఓడ లేదు. హోటల్లోనేమో అప్పటికే ఇంకో వంటమనిషి వచ్చేశాడు.

"పుస్తకం తెరిస్తే నాకు నిద్రొస్తాది వదినా, ఏదన్నా దారి సెప్పు" అన్నాడు మునిరాజు, చేతులు నలుపుకుంటూ.

"నాకొదిలెయ్యప్పా. నిద్రలో లేపి అడిగినా సెప్పేట్టు సేస్తా" అన్నాను.

చేశాను. అదే కదా మన కథ.

మదనపల్లెలో పాత పుస్తకాల అంగడికి వెళ్లి, ఓడ రూల్స్ పుస్తకం ఒకటి వెతికి తెచ్చాను. మా ఇంట్లో ఏ పుస్తకం అడుగుపెట్టినా మొదటి పేజీకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టందే తెరవం. దీనికీ పెట్టాను. ఎక్కడ పెట్టానంటారు? పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఏదో ఉంటే, ఇంత చిన్నవి ఎవరు చదువుతారులే అని సరిగ్గా దాని మీదే, రూపాయి బిళ్లంత. ఆ చిన్న అక్షరాలే పుస్తకం అచ్చయిన సంవత్సరం.

తర్వాత రాగం కట్టాను. సముద్రం లేదు, పడవ లేదు, పాట మాత్రం పన్నెండు చరణాలు. అపాయ సూచన ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత అని పుస్తకంలో ఉంటే, ఏడు దెబ్బలు కోలాటం కర్రలతో కొట్టి, చివర ఊపిరి ఆగేదాకా "కో" అని లాగాలని కుదిర్చాను. నాలుగో చరణం మాత్రం గుర్తు పెట్టుకోండి, కొంప ముంచింది అదే:

"ఓడెక్కినోళ్లందరికీ ఒక రోజు లోపల, కోలో కోలో
తప్పించుకునే దారి తప్పక చూపవలె, కోలో కోలో."

మునిరాజు మా వరండాలో పాడుతుంటే మా వీధి శనివారం కోలాటం ఆడవాళ్లకు అది తెగ నచ్చింది. దళానికి పెద్ద గంగులమ్మవ్వ. డెబ్బై దాటినా ఆమె అడుగు వేస్తే మా వీధిలో గిన్నెలు కదులుతాయి. ఆమె ఆ పాటకు అడుగులు కట్టింది. "ఒక రోజు లోపల" దగ్గర అందరూ ఒక అడుగు వెనక్కి. రెండు శనివారాల్లో వీధి వీధంతా ఓడ మునిగితే ఏం చేయాలో తెలుసుకుంది. మా వీధిలో నీళ్లు వారానికి రెండుసార్లు వస్తాయి.

మునిరాజు పొంగిపోతూ చెన్నై వెళ్లాడు. ఆరోరోజు ఫోను.

"వదినా, పాయ."

"ఏం పాయప్పా?"

"పరీచ్చ. ఒక రోజు లోపల అనేది ఎప్పుడో మార్చేసినారంట. ఓడ కదిలే ముందరే సూపియ్యాలంట, లేదంటే కదిలిన యెంటనే. కళాసులో సెప్పినారు, నాకు తెలుసు కూడా. నోరు తెరిస్తే మాత్రం నీ పాటే వస్తాండాది. కాలు గూడా ఎనక్కి పోయింది."

పరీక్ష పెట్టింది నెల్లూరు వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ కెప్టెను. "మధ్యాహ్నం ఓడ మునిగితే, సాయంత్రం వచ్చి దారి చూపిస్తావా నాయనా?" అని అడిగి, పది రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నాడట. అదే ఆఖరి అవకాశం. ఆ తర్వాత ఓడ వీడి కోసం ఆగదు.

నేను వెళ్లి పుస్తకం తీసి, పసుపూ బొట్టూ గోకాను. లోపల నుంచి సంవత్సరం బయటపడింది. నేను ఓణీ వేసుకున్న ఏడాది అది.

ఇక నాకు నిద్ర ఎక్కడిది? పాట మార్చడం నిమిషం పని. "ఒక రోజు లోపల" తీసి "ఓడ కదిలే ముందరే" పెట్టాను, తాళం కూడా తప్పలేదు. కానీ తిరిగొచ్చిన మునిరాజు కొత్తది వల్లిస్తుంటే, గోడ అవతల నీళ్లు పట్టే ఆడవాళ్లు పాతది కూనిరాగం తీసేవాళ్లు. వాడు మళ్లీ మొదటికి వచ్చేవాడు. వీధి మారితే గానీ వాడు మారడు. దాంతో శనివారం దళం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

లోకంలో దేశాలన్నీ ఒప్పుకున్న సవరణను మా దళంలో పదకొండుమంది ఒప్పుకోలేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు గానీ, మా గంగులమ్మవ్వకు కొత్తే రోత.

"ఆడ అడుగు ఎనక్కి పడతాది. నువ్వు కదిలే ముందరే అంటే ముందుకు పడాల. ఎదురుబొదురు తొక్కుకుంటాము. ఆ దేశాలోళ్లకేం, వాళ్లు యాడన్నా కోలాటం ఆడినారా?" అంది.

బతిమాలాను. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. పసుపు సంగతీ చెప్పాను. అందరూ నవ్వారు గానీ కర్రలు మాత్రం కదల్లేదు. చివరికి ఆమే అడిగింది, "యాల మార్చినారో అది సెప్పు ముందు."

మునిరాజు క్లాసులో విన్నది చెప్పాడు. ఒక పెద్ద ఓడ రేవు నుంచి కదిలిన కొన్ని గంటలకే రాయికి కొట్టుకుందట. ఆ రేవులో ఎక్కినవాళ్లకు అప్పటికింకా దారి చూపించలేదు. ఒక రోజు గడువు ఉంది కదా, రేపు చూపిద్దామని ఆగారట. చానామంది ఒడ్డు చేరలేదు.

గంగులమ్మవ్వదీ మా రామకుప్పం వైపే. ఏనుగుల సంగతి ఆమెకూ తెలుసు.

"ఏనుగు సేన్లోకి వచ్చినాక డబ్బా యాడుండాది అని ఎతుక్కున్నట్టు" అంది. తర్వాత కర్రలు తీసుకుంది. "లెయ్యండమ్మా. అడుగు ముందుకే."

ఆ సాయంత్రం మా వీధిలో తొక్కని కాలు లేదు. పదకొండుమంది ఆడవాళ్ల నడుమ మీసాల మునిరాజు, కోతుల మధ్య చిక్కిన కొబ్బరికాయలాగా. వాడు తప్పితే అవ్వ కర్రతో మోకాలి మీద ఒకటి వేసేది. పరీక్ష దాకా మిగిలిన రోజులన్నీ ఇదే శిక్షణ. నేను దేవుడి ముందు కూర్చుని, స్వామీ, వాడి నోట కొత్తదే పలికించు, నా తప్పుకు వాణ్ణి శిక్షించకు అని దండం పెడుతూనే ఉన్నాను.

రెండో పరీక్షలో కెప్టెను మళ్లీ అదే ప్రశ్న అడిగాడట. మునిరాజు కళ్లు మూసుకుని, "ఓడ కదిలే ముందరే సార్" అని, బలంగా ఒక అడుగు ముందుకు వేశాడు. ముందర ఉన్నది ఆయన బల్ల. దాని మీద కాఫీ. కాఫీ కింద మునిరాజు కాగితాలు.

కెప్టెను కాగితాలు దులుపుకుంటూ, "జవాబు సరే, ఆ అడుగేమిటయ్యా?" అన్నాడు.

"అది సవరణ సార్" అన్నాడు మా వాడు.

ప్యాసయ్యాడు. ఓడ ఎక్కాడు. ఆ కెప్టెను పేరు మా వాడు చెప్పలేదు గానీ, కాఫీ పోగొట్టుకుని కూడా చల్లగా చూసిన ఆయన పేరున ఇప్పటికీ ఒక దీపం పెడతాను.

ఐదేళ్లకోసారి ఆ శిక్షణ తాజా చేసుకోవాలి కాబట్టి, మొన్న దానికోసం రెండోసారి వచ్చాడు. రూల్సు మళ్లీ మారాయట. ఓడలో పనిచేసేవాళ్లను ఎవరూ వేధించకూడదు, బెదిరించకూడదు అని కొత్త పాఠం చేర్చారట.

"ఇది పదేండ్ల ముందే వచ్చుంటే నిన్నూ అవ్వనూ పట్టిచ్చేసుందును వదినా" అన్నాడు, మోకాలు తడుముకుంటూ.

గోడ అవతల నుంచి గంగులమ్మవ్వ గొంతు వినిపించింది. "దీనికి యా పక్క అడుగెయ్యాల, సెప్పండమ్మా."

కాబట్టి ఏడుకొండలవాడి సాక్షిగా, చేతిలో కర్పూరం వెలిగించుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పుస్తకమైనా సరే, ముందు సంవత్సరం చూసి తర్వాతే బొట్టు పెడతాను. దేవుడి నామాలకు తప్ప దేనికీ రాగం కట్టను. వాటికి ఇంతవరకు సవరణ రాలేదు.