సరిగ్గా యాభై దగ్గర

షికాగో ఆప్షన్ల బజారులో బ్రోనియా గొంతు ఎప్పుడూ బొంగురే. పన్నెండేళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి, నలభై ఏళ్లు దగ్గరపడ్డాక ఆకుపచ్చ కోటు తగిలించుకుని, మగవాళ్ల భుజాల మీదుగా కనబడటానికి ఎత్తు బూట్లు వేసుకుని, ఆ గుంపులో అరవడం నేర్చుకుంది. పెట్టుబడి మాత్రం ఆమెది కాదు. అన్న కాజిక్ తన బేకరీని తాకట్టు పెట్టి ఇచ్చాడు.

"ఇంతకీ ధర పెరగాలా, తగ్గాలా? దేనికి మొక్కుకోమంటావే?" అనేవాడు కాజిక్.

"దేనికీ వద్దన్నయ్యా. ఈ ఆప్షన్లలో కాల్ అంటే గడువులోగా అనుకున్న ధరకి షేరు కొనే హక్కు, పుట్ అంటే అమ్మే హక్కు. కాల్ అమ్మి, అదే ధరకి పుట్ కొంటే షేరు అమ్మేసినట్టే లెక్క. పక్కన నిజం షేరు కొనిపెట్టుకుంటా. చెల్లుకి చెల్లు. మధ్యలో మిగిలే చిల్లర మనది."

ఆ చిల్లరతోనే ఆరేళ్లు గడిచాయి. ఏ పక్షమూ పట్టనని ఆమెకు గర్వం. ఆ గర్వం కాస్త ఎక్కువే.

1984లో ఒక శుక్రవారం, ఆప్షన్ల గడువు తీరే రోజు. బ్రోనియా దగ్గర ఒక పంపుల కంపెనీ షేర్లు ఇరవై వేలు, వాటికి సరిపడా యాభై డాలర్లకి అమ్మిన కాల్స్, కొన్న పుట్స్ ఉన్నాయి. ధర యాభై దాటితే కాల్ కొన్నవాళ్లు వచ్చి షేర్లు పట్టుకుపోతారు. తగ్గితే ఆమే పుట్ చూపించి యాభైకి అంటగడుతుంది. బజారు మూసే గంట మోగేసరికి ధర సరిగ్గా యాభై దగ్గర ఆగింది. ఆ ధర దగ్గర పట్టుకుపోయినా మానినా కాల్ వాళ్లకి ఒకటే, కాబట్టి ఎంతమంది పట్టుకుపోతారో ఇక ఎవరూ చెప్పలేరు. కాల్స్ సంగతి వాళ్లూ, పుట్స్ సంగతి ఆమే ఆ సాయంత్రమే తేల్చెయ్యాలి.

"సగం పుట్స్ వాడెయ్ టీచరమ్మా! మిగతాది దేవుడికొదిలెయ్" అన్నాడు పక్కన నిలబడే డూలీ.

సగం పుట్స్‌కే, అంటే పదివేల షేర్లు అమ్మడానికే కాగితం రాసిచ్చింది. కాల్ వాళ్లు పదివేల లోపు అడిగితే ఆమె దగ్గర షేర్లు మిగులుతాయి. అంతకు మించితే లేని షేర్లు సోమవారం ధరకి కొని యాభైకి ఇవ్వాలి. ఆ సంగతి చెప్పే చీటీ సోమవారం పొద్దున గాని రాదు.

ఆదివారం కాజిక్ ఇంట్లో క్యాబేజీ సూప్ తాగుతుంటే టీవీలో వార్త. ఆ పంపుల కంపెనీని ఎవరో షేరుకు అరవై ఎనిమిది ఇచ్చి కొంటున్నారట.

"మన పంపులే! మనకి మంచిదేనా?"

ఏమైనా ఒకటేనని చెప్పడానికి బ్రోనియాకు నోరు రాలేదు. "తెలీదన్నయ్యా. షేర్లు మిగిలుంటే మంచిదే. లేకపోతే అరవై ఎనిమిదికి కొని యాభైకి ఇవ్వాలి... నీ బేకరీ పోతుంది."

కాజిక్ చెంచా కింద పెట్టాడు.

సోమవారం పొద్దున ఏడింటికి అతనూ బజారుకి వెంట వచ్చాడు. చీటీలో కాల్ వాళ్లు అడిగింది మూడువేల ఎనిమిది వందలు. ఆరువేల రెండు వందల షేర్లు మిగిలాయి. లాభం లక్షా పదకొండు వేల డాలర్లు.

"అమ్మ దొంగా! ఇంత విద్య పెట్టుకుని ఆరేళ్లూ చిల్లర ఏరుకొచ్చావటే? వచ్చే నెల ఎన్ని ఇలా దేవుడికి వదిలేద్దాం?"

"ఇది విద్య కాదన్నయ్యా! పదివేలు దాటి అడిగుంటే రోడ్డున పడేవాళ్లం."

"అడగలేదుగా!" అన్నాడు కాజిక్, నవ్వుతూ.

రెండు రోజులుగా చీటీని తలుచుకుని భయపడింది బ్రోనియా. ఇప్పుడు అన్న మొహం చూస్తే అంతకన్నా భయం వేసింది.