అది చెంబు మచ్చ కాదు

కొల్లేటి గాలిలో తడెక్కువ. గాజు కడ్డీని పొయ్యి దగ్గర వెచ్చజేసి పట్టుకొంగుతో రుద్దితే తప్ప అందులో విద్యుత్తు నిలవదు. ఏలూరు ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే నేను, వేసవి సెలవులకు సరస్సు నడుమ లంకలో ఉన్న అన్నయ్య ఇంటికి వెళ్ళి ఆయనకు ఆ వింత చూపిస్తున్నాను. సిరా పోసే ఫిల్లరు కొనకు నీటిబొట్టు వేలాడుతోంది. కడ్డీ దగ్గరకు తెస్తే బొట్టు సాగి మొన తేలింది. ఇంకాస్త జరిపేసరికి ఆ మొన చిట్లి సన్నటి తుంపర లేచింది! లాగుడు ఒక హద్దు దాటేదాకా బొట్టు తన్ను తాను పట్టుకుంటుంది. దాటిందా, ఇక ఆగదు. అన్నయ్య మళ్ళీ మళ్ళీ చేయించాడు. అలా చూస్తూనే పొట్ట పట్టుకుని వంగిపోయాడు. నొప్పి వీపులోకి పొడుస్తోందన్నాడు.

బొడ్డు జారిందని మా మేనత్త తేల్చేసింది. మా వైపు దానికి ఒకటే వైద్యం. బొడ్డు మీద దీపం పెట్టి ఇత్తడి చెంబు బోర్లిస్తారు. దీపం ఆరగానే చెంబు పొట్టను పైకి లాగి పట్టుకుంటుంది. ఏలూరు వెళ్దామని నేను పోట్లాడాను. అన్నయ్యే చెంబు చాలని పెట్టించుకున్నాడు.

మర్నాటికి నొప్పి తగ్గలేదు సరికదా, బొడ్డు చుట్టూ నీలంగా కమిలింది. అది చెంబు మచ్చేనని, ఈసారి గట్టిగా పెడితే సర్దుకుంటుందని అత్తయ్య దీపం వెలిగించింది. నేను దుప్పటి తీసి చూశాను. ఎడమ పక్క నడుము మీద కూడా అదే నీలం.

“అత్తయ్యా, ఇక్కడెప్పుడు పెట్టారండీ చెంబు?”

ఆవిడ అక్కడ పెట్టనే లేదు. “నీ కాలేజీ చదువులో బొడ్డు కూడా ఉందటే?” అంది.

“రక్తం ఉందండి. లోపల కారుతోంది. మీ చెంబు దాన్ని ఇంకా లాగుతుంది.”

ఆవిడ చేతికి అలవాటైన చెంబు అదొక్కటే. దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళి పడవలో కూర్చున్నాను. వైద్యం కావాలంటే రోగినే ఇక్కడికి తెమ్మన్నాను. తెచ్చారు. ఎక్కించగానే పడవ కదిలించమన్నాను.

ఏలూరు డాక్టరు ఆ నడుము చూడగానే ఆసుపత్రిలో చేర్చుకున్నాడు. పొట్ట వెనక క్లోమమనే గ్రంథి వాచి నెత్తురు లోపలే కారుతోందట. నోట్లో చుక్క నీళ్ళు పోయవద్దని, సూదితో ఉప్పునీరు ఎక్కించాడు. నెత్తురు దానంతట అదే ఆగాలన్నాడు. నీలం అంచు వెంట కలంతో గీత గీసి నేను కాపలా కూర్చున్నాను. నీలం గీత దాటలేదు! కొన్నాళ్ళకు ఆకుపచ్చకు తిరిగి, పసుపై, వెలిసిపోయింది.

డాక్టరు సరేనన్న రోజు అత్తయ్య గంజి తెచ్చింది. “ఎంత పొయ్యమంటారండీ పంతులమ్మగారూ?” అని నన్నే అడిగింది. రెండు చెంచాలన్నాను. అన్నయ్య తాగాడు, కడుపులో నిలిచింది. మూడో చెంచా దగ్గర ఆవిడా నేనూ మళ్ళీ పోట్లాడుకున్నాం.