చెవుల మేస్త్రి, నా పాత కారు

మా బావను ఊళ్లో అందరూ చెవుల మేస్త్రి అంటారు. చెవులు పెద్దవని కాదు, అవి అందరికీ ఉన్నట్టే ఉంటాయి. బానెట్ తెరవకముందే శబ్దం విని బండి రోగం చెప్పేస్తాడని ఆ పేరు. ఆయన షెడ్డుకు ఒక పద్ధతి ఉంది. బావ ఇంజన్ మీదకు వంగి, మెడలో వేలాడే రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకున్నాడంటే ఇంకెవరూ కిక్కురుమనకూడదు. రేడియో కట్టేయాలి, గ్రైండరు ఆపేయాలి, దగ్గొస్తే బయటికి పోయి దగ్గాలి. గొట్టం రెండో కొసను ఇంజన్ మీద అక్కడా ఇక్కడా తిప్పి, చివరికి ఒకచోట ఆగి, "ఇదిగో, ఇక్కడ ఏడుస్తోంది" అనేవాడు. విప్పి చూస్తే రోగం అక్కడే ఉండేది.

మా అక్కను చేసుకున్న నాటి నుంచి ఆయన నన్ను ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. నా కారునైతే అసలే అనలేదు. అది పాతదే, ఒప్పుకుంటాను. కానీ ఈమధ్య కొత్త జబ్బు పట్టుకుంది. రోడ్డు మీద పరుగెత్తినంతసేపూ బాగానే ఉండేది. పెద్ద కూడలిలో సిగ్నల్ దగ్గర ఆపి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశానా, ఒళ్లంతా వణికి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. వెనకాల హారన్లు మొదలయ్యేవి. నాకు తల కొట్టేసినట్టుండేది.

బావ గొట్టం పెట్టి విన్నాడు. కార్బురేటర్లో చెత్త చేరిందన్నాడు. ఊడదీసి కడిగాడు. మర్నాడు అదే కూడలిలో కారు మళ్లీ చచ్చింది. ప్లగ్గులు పోయాయన్నాడు. మార్చాం. మళ్లీ అదే కథ. చివరికి ఏదో స్క్రూ బిగించాడు, దాంతో కారు నిలబడినచోటే ఊరెళ్తున్నట్టు అరవసాగింది.

"ఇదేం వైద్యం బావా? జ్వరం వచ్చినవాణ్ని పరుగెత్తిస్తున్నట్టుంది" అన్నాను.

"నీ డొక్కు బండికి ఇదే ఎక్కువ, పో" అన్నాడు.

ఒళ్లు మండి, షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోకి పోయి అక్క దగ్గర మొర పెట్టుకున్నాను. అక్క గిన్నెలు తోముతోంది. కుళాయి కట్టేసి, షెడ్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆయన్నేం అనకురా. వినపడట్లేదు."

"నేను తిట్టినవన్నీ వినపడ్డాయే!"

"మాటలు వినపడతాయి. లారీ వినపడుతుంది. సన్నటి చప్పుళ్లే పోయాయి. కుక్కర్ పక్కనే కూర్చుంటాడు, అది కూతేసినా తలెత్తడు. డాక్టరు దగ్గరికి పోదామంటే ఇంతెత్తున లేస్తాడు. చెవుల మేస్త్రికి చెవులు పోయాయని తెలిస్తే షెడ్డుకు ఎవడొస్తాడు, తాళం వేసుకోవడమేగా అంటాడు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ షెడ్డు లేని బావను ఊహించుకుందామంటే నావల్ల కాలేదు. పండగ లేదు, సెలవు లేదు, నాకు తెలిసి ఆ మనిషి ప్రపంచమంతా ఆ రేకుల కిందే ఉంది.

ఆ ఆదివారం పొద్దున బావే నన్ను పిలిచాడు. "తీసుకురా దాన్ని, ఇవాళ సంగతేంటో తేల్చేస్తా" అన్నాడు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజన్ ఆన్ చేశాను. పాలవ్యాను డ్రైవరు కూడా అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. అతని చెవిన పడ్డ మాట ఊరంతటి చెవినా పడ్డట్టే. రేడియో ఆగింది. బావ వంగి గొట్టం తిప్పుతున్నాడు. ముఖంలో చెమట.

అక్క టీ గ్లాసులతో వచ్చి, ఇంజన్ పక్కన ఆగిపోయింది.

"అక్కడే ఆగండి. కాస్త వెనక్కి రానివ్వండి గొట్టాన్ని."

ఆ వేళప్పుడు మాట్లాడినవాళ్లు ఇంతవరకూ లేరు. పాలవ్యాను డ్రైవరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

"నీకేం తెలుసే ఇంజన్ సంగతి?" అన్నాడు బావ.

"ఇంజన్ సంగతి తెలీదు. బుస వస్తోంది, అది తెలుసు." పళ్లెం కింద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని, ఇంజన్ వెనకవైపున్న సన్నటి రబ్బరు పైపు మీద ఆయన వేలు ఆనించింది. "ఇక్కడ."

కారు వణుకు ఠక్కున ఆగింది. బావ వేలు తీశాడు, వణికింది. పెట్టాడు, ఆగింది. నేను దిగి వెళ్లి చూశాను. ఆయన వేలి కింద, పైపు మీద వెంట్రుకంత పగులు. పెట్రోలుతో పాటు కొలతగా పోవాల్సిన గాలి, ఆ పగుల్లోంచి దొంగదారిన కూడా పోతోంది. కారు పరుగులో ఉంటే సర్దుకుంటుంది, నిలబడితే ఊపిరి తప్పుతుంది. వేలు తీసినప్పుడల్లా నాకూ వినపడింది, సన్నగా, పళ్ల సందుల్లోంచి ఊదినట్టు. బావ గొట్టం దాని మీద నుంచి ఎన్నిసార్లు పోయిందో.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడనుకున్నాను. నేనైతే అదే చేసేవాణ్ని. బావ గొట్టం చెవిలోంచి తీసి, గుడ్డతో తుడిచాడు.

"నాకు వినపడలేదు" అన్నాడు, అందరి ముందూ. "ఇవాళే కాదు. చాలారోజుల్నించి వినపడట్లేదు."

నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను. ఇంజన్ కట్టేశాక కూడా ఎవరూ రేడియో పెట్టలేదు.

"టీ చల్లారిపోతోంది" అంది అక్క.

కొత్త పైపు వేసి, బిగించిన స్క్రూను మళ్లీ దాని స్థానానికి తెచ్చాడు బావ. సాయంత్రానికల్లా పాలవ్యాను డ్రైవరు తన పని తాను చేశాడు. ఊరందరికీ తెలిసింది. మర్నాడు బావ షట్టరు సగమే ఎత్తి, లోపల చీకట్లో కూర్చున్నాడు. అంతలో ఆ డ్రైవరే వ్యాను తెచ్చి ఆపి, షట్టరు కిందనుంచి తల దూర్చాడు.

"మేస్త్రీ, బండి ఆగితే వణుకుతోంది. అక్కగారు ఉన్నారా?"

బావ అతన్ని తినేసేలా చూశాడు. తర్వాత షట్టరు పూర్తిగా ఎత్తి, ఇంటి వైపు తిరిగి, "ఏమేవ్!" అని కేకేశాడు.

ఇప్పుడు గొట్టం అక్క చెవిలో ఉంటోంది, బావ అరచెయ్యి ఇంజన్ మీద ఉంటోంది. రేడియో కట్టేసే పద్ధతి మారలేదు. దగ్గొస్తే మాత్రం బావ కూడా బయటికే పోవాలి, అక్క ఊరుకోదు.

నిన్న ఆయన్ని మొదటిసారి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, నా కారులోనే. అదే కూడలిలో ఎర్రదీపం పడింది. కారు నిద్రపోతున్న పిల్లలా నిలబడింది. బావ కాసేపు డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి ఉంచాడు.

"ఒరేయ్, ఆ రోజు ఆ బుస ఎలా ఉంది?"

పళ్లు బిగించి ఊది చూపించాను. ఆయన నా పెదాల వైపే చూస్తున్నాడు.

"ఇంకోసారి."

మళ్లీ ఊదాను. చెయ్యి తెచ్చి నా నోటి ముందు పెట్టాడు. గాలి వేళ్లకు తగిలేదాకా ఊదాను.

"ఊఁ. ఇదే" అన్నాడు, తల ఆడిస్తూ. పచ్చదీపం ఎప్పుడు పడిందో నేను చూడలేదు. వెనకాల హారన్లు మొదలయ్యాయి.

"పోనియ్యరా" అన్నాడు బావ. "వెనకాల ఏడుస్తున్నారు."